సిలిండర్ మీద గాలి విడిపోయే చోటు తప్పొస్తోంది, మెష్ ఎంత పెంచినా మారట్లేదు

ఈదురుగాలి:

అందరికీ నమస్తే. మూడు వారాల నుంచి ఒక్క సిలిండర్ చుట్టూనే తిరుగుతున్నాను, ఇక నా ఒక్కడి వల్ల కాదని ఇక్కడికి వచ్చాను.

కేసు చాలా మామూలుది. నున్నటి గుండ్రని సిలిండర్, వ్యాసం 10 సెంటీమీటర్లు, గాలి వేగం సెకనుకు 15 మీటర్లు, అంటే రేనాల్డ్స్ నంబర్ (గాలి ఊపుకీ చిక్కదనానికీ ఉన్న నిష్పత్తి) దాదాపు 1 లక్ష. ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో 2డీ, స్టెడీ (కాలంతో మారదనుకునే లెక్క), టర్బులెన్స్‌కి కే-ఒమెగా ఎస్ఎస్‌టీ మోడల్. పుస్తకాల్లో ఈ రేనాల్డ్స్ దగ్గర డ్రాగ్ (గాలి వెనక్కి నెట్టే బలం) కోఎఫిషియెంట్ 1.2 అని ఉంది. గాలి ఎదురుగా వచ్చి తగిలే బిందువు నుంచి కొలిస్తే దాదాపు 80 డిగ్రీల దగ్గర ప్రవాహం ఉపరితలాన్ని వదిలేయాలి. నాకేమో డ్రాగ్ 0.68 వస్తోంది, సెపరేషన్ 108 డిగ్రీల దాకా జారిపోయింది. కాస్త అటూ ఇటూ అయితే సర్దుకుపోవచ్చు కానీ ఇది దాదాపు సగం.

మొదట తప్పు మెష్‌ది (గాలి ఉన్న చోటును చిన్న చిన్న సెల్స్‌గా కోసే వల) అనుకున్నా. 40 వేల సెల్స్ నుంచి 1.6 లక్షలకు, అక్కడి నుంచి 6 లక్షలకు పెంచా. డ్రాగ్ 0.66 అయింది, అంటే బాగుపడకపోగా ఇంకాస్త కిందికి దిగింది. వై ప్లస్ (గోడ పక్క మొదటి సెల్ ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) అంతటా 1 కన్నా తక్కువే, మొదటి పొర ఎత్తు 0.01 మిల్లీమీటర్ కన్నా కాస్త తక్కువ పెట్టా. రెసిడ్యువల్స్ (ఈక్వేషన్లలో ఇంకా మిగిలిన తేడా) మొదట్లో ఒకచోట ఊగుతూ ఉండిపోయేవి, కన్వెక్షన్‌కి ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ అనే ముతక స్కీమ్ పెట్టాక బుద్ధిగా దిగాయి. ఇన్లెట్ దగ్గర టర్బులెన్స్ ఇంటెన్సిటీ (వచ్చే గాలిలో అలజడి) 5 శాతం, ట్యుటోరియల్‌లో ఉన్నదే అలాగే ఉంచేశా.

మెష్ మార్చినా జవాబు మారట్లేదు, వై ప్లస్ సరిపోయింది, రెసిడ్యువల్స్ దిగాయి. ఇంక తప్పు ఎక్కడ దాక్కుంది? ఎల్ఈఎస్‌కి (పెద్ద సుడులను నేరుగా లెక్కించే ఖరీదైన పద్ధతి) వెళ్లక తప్పదా? నా దగ్గర ఉన్నది 16 కోర్ల మెషీన్ ఒక్కటే. అసలు పని వేరే ఉంది, గాలి ఒక నున్నటి గుబ్బ మీదుగా పోయి వెనక వాలులో విడిపోయే కేసు. దానికి ముందు చేయి తిరుగుతుంది కదా అని సిలిండర్ మొదలుపెట్టి ఇక్కడే కూరుకుపోయా.

మెష్‌పురుగు:

స్టెడీ ఎందుకు పెట్టారండీ? సిలిండర్ వెనక రేనాల్డ్స్ 47 దగ్గరే సుడులు ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి ఊడిపోవడం మొదలవుతుంది, మీరున్నది లక్ష దగ్గర. స్ట్రూహాల్ నంబర్ (సుడులు ఎంత తరచుగా ఊడతాయో చెప్పే సంఖ్య) 0.2 వేసుకుంటే మీ సిలిండర్‌కి సెకనుకు 30 సార్లు. అలాంటి ప్రవాహాన్ని స్టెడీ సాల్వర్‌కి ఇస్తే రెసిడ్యువల్స్ ఊగక ఏం చేస్తాయి. ఆ ఊగడమే మీకు అందిన నిజమైన కబురు, దాన్ని మీరు ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్‌తో నోరు మూయించారు. ఆ స్కీమ్ తెచ్చే న్యూమరికల్ డిఫ్యూజన్ అదనపు చిక్కదనంలా పనిచేస్తుంది, సుడులన్నీ అందులో కరిగిపోతాయి, గ్రాఫ్ మాత్రం అందంగా కనిపిస్తుంది.

ముందు ట్రాన్సియెంట్‌కి (కాలంతో మారే లెక్కకి) మారండి, సెకండ్ ఆర్డర్ పెట్టండి. ఒక సుడి చక్రానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని కనీసం 200 ముక్కలు చేయండి. మొదటి పది చక్రాలు పారేసి ఆ తర్వాత 30 చక్రాల సగటు తీసుకోండి. ఒక్క టైమ్ స్టెప్ బొమ్మ చూసి సెపరేషన్ కోణం చెప్పకండి, అది ప్రతి చక్రంలో ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉంటుంది.

పాతకాపు:

పైన చెప్పినవన్నీ చేయాల్సినవే. కానీ చేసినా మీ 108 డిగ్రీలు 80కి రావు, అది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే ఇంకో మూడు వారాలు పోతాయి.

ఒక పాత సంగతి చెబుతా, మీ కేసు సరిగ్గా అదే కాబట్టి. 1912 ప్రాంతంలో ఐఫెల్, ఆ టవర్ కట్టిన ఐఫెలే, గోళాల మీద గాలి ఒత్తిడి కొలిచాడు. ఆయనకు వచ్చిన డ్రాగ్ కోఎఫిషియెంట్ జర్మనీలో గ్యోటింగెన్ వాళ్లు కొలిచినదాంట్లో సగం కూడా లేదు. ఎవరో ఒకరు తప్పు చేశారని అనుకున్నారు. నిజానికి ఇద్దరివీ సరైన కొలతలే, ఐఫెల్ ఎక్కువ వేగంలో కొలిచాడు. వేగం ఒక హద్దు దాటితే గోళం మీది బౌండరీ లేయర్ (గోడను అంటుకున్న పలచటి గాలి పొర) విడిపోకముందే టర్బులెంట్ (సుడులతో కలగాపులగం) అయిపోతుంది, డ్రాగ్ ఒక్కసారిగా పడిపోతుంది. 1914లో ప్రాంటల్ దీన్ని తేల్చిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. గోళం ముందు భాగంలో సన్నటి తీగ ఒకటి చుట్టాడు. తీగ తగిలి గాలి పొర చెదిరింది, తక్కువ వేగంలోనే డ్రాగ్ పడిపోయింది. అడ్డు పెడితే డ్రాగ్ తగ్గడం ఏంటని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ జరిగింది అదే.

ఎందుకంటే వంపు ఉన్న ఉపరితలం మీద గాలి ముందు సగంలో వేగం పుంజుకుంటుంది, పీడనం తగ్గుతూ పోతుంది, అక్కడ ఇబ్బంది లేదు. భుజం దాటాక పీడనం మళ్లీ పెరగడం మొదలవుతుంది, అంటే గాలి ఎదురు పీడనంలోకి ఎక్కాలి. బయటి గాలికి ఊపు ఉంది కాబట్టి ఎక్కుతుంది. గోడను అంటుకున్న పలచటి పొర అప్పటికే రాపిడిలో ఊపు పోగొట్టుకుంది, అది ఆగి వెనక్కి తిరుగుతుంది, పైనున్న గాలి గోడను వదిలేసి పోతుంది. ఆ పొర లామినార్ (సుడులు లేకుండా నున్నగా సాగేది) అయితే పైనుంచి ఊపు అప్పు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, అందుకే 80 దగ్గరే చేతులెత్తేస్తుంది. టర్బులెంట్ అయితే సుడులు పైనున్న వేగమైన గాలిని కిందికి తెచ్చి కలుపుతూ ఉంటాయి, 120 డిగ్రీల దాకా కూడా నిలబడగలదు. అప్పుడు వేక్ (వెనక మిగిలే సుడుల ప్రాంతం) సన్నబడుతుంది, వీపు మీద పీడనం కోలుకుంటుంది, డ్రాగ్ తగ్గుతుంది. ఈ రేనాల్డ్స్ దగ్గర సిలిండర్ డ్రాగ్‌లో గోడ రాపిడి వాటా కొద్ది శాతమే, మిగతాదంతా ముందూ వెనకల పీడనం తేడానే, కాబట్టి విడిపోయే చోటు కదిలితే లెక్క మొత్తం కదులుతుంది.

ఇప్పుడు మీ సిమ్యులేషన్‌కి వద్దాం. నున్నటి సిలిండర్, గాలిలో అలజడి తక్కువ, రేనాల్డ్స్ 1 లక్ష అంటే బౌండరీ లేయర్ విడిపోయే దాకా లామినారే. ఆ డ్రాగ్ పడిపోవడం 2 నుంచి 3 లక్షల దగ్గర మొదలవుతుంది. కానీ మామూలు ఎస్ఎస్‌టీకి లామినార్ అంటే ఏమిటో తెలియదు. ముందు భాగం నుంచే టర్బులెన్స్ ఉందనుకుని ఎడ్డీ విస్కాసిటీ (సుడులు చేసే కలుపుడుకు బదులుగా వేసే అదనపు చిక్కదనం) కలుపుతుంది. అంటే మీరు తెలియకుండానే సిలిండర్‌కి ప్రాంటల్ తీగ చుట్టేశారు. మెష్ పెంచేకొద్దీ జవాబు 1.2 నుంచి ఇంకా దూరం పోయింది కదా, తీగ చుట్టిన సిలిండర్‌ని ఇంకా నిక్కచ్చిగా లెక్కిస్తున్నారు కాబట్టి అలా అయింది.

నా మాట నమ్మక్కర్లేదు, పది నిమిషాల పని. ఇప్పుడున్న రిజల్ట్ తీసుకుని 60 డిగ్రీల దగ్గర గోడ నుంచి లంబంగా ఒక గీత గీసి ఎడ్డీ విస్కాసిటీకీ గాలి అసలు విస్కాసిటీకీ నిష్పత్తి చూడండి. అక్కడ పొర మందం ఒక 0.3 మిల్లీమీటర్ల స్థాయిలో ఉంటుంది, ఆ లోపలే చూడాలి. లామినార్ పొర అయితే దాదాపు సున్నా ఉండాలి.

ఈదురుగాలి:

చూశా. 60 డిగ్రీల దగ్గర ఆ నిష్పత్తి 9 ఉంది. నిజంగా సిగ్గేసింది, మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఆ ప్లాట్ గీయలేదు, వేగం బొమ్మలూ రెసిడ్యువల్ గ్రాఫులూ చూసుకుంటూ కూర్చున్నా.

నిన్న సాయంత్రం నుంచి రెండు రన్స్ వేశా, రెండూ 2డీ ట్రాన్సియెంట్, సెకండ్ ఆర్డర్. మొదటిది అదే ఎస్ఎస్‌టీ: సుడులు వచ్చాయి, డ్రాగ్ సగటు 0.79, సెపరేషన్ 103. రెండోది ఓపెన్‌ఫోమ్‌లోనే ఉన్న ట్రాన్సిషన్ (లామినార్ నుంచి టర్బులెంట్‌కి మారడం) పట్టుకునే వెర్షన్, పేరు చివర ఎల్ఎమ్ ఉంటుందే అది, ఇన్లెట్ ఇంటెన్సిటీ 0.3 శాతానికి దించి. సెపరేషన్ ఇప్పుడు 83 దగ్గర! కానీ డ్రాగ్ 1.41కి ఎగిరింది. ఇంతకుముందు తక్కువ, ఇప్పుడు ఎక్కువ. సంతోషించాలో ఏడవాలో తెలియట్లేదు.

రాత్రిరన్:

సంతోషించండి, ఆ 1.41 మీ మోడల్ తప్పు కాదు, 2డీ తప్పు.

2డీలో సుడి అంటే సిలిండర్ పొడవునా ఒకే కర్రలా ఉండే సుడి. అది విరగదు, వంగదు, చీలదు. నిజంగా అయితే రేనాల్డ్స్ 190 దాటగానే సుడులు పొడవు దిశలో అలలు తిరగడం మొదలవుతుంది, లక్ష దగ్గరకు వచ్చేసరికి ఒక చివర ఊడే సుడికీ ఇంకో చివర ఊడే సుడికీ పొంతనే ఉండదు. పొంతన లేకపోతే వీపు మీద చూషణ తగ్గుతుంది. 2డీలో మొత్తం పొడవంతా ఒకేసారి లాగుతుంది కాబట్టి డ్రాగ్ పెరుగుతుంది, లిఫ్ట్ ఊగిసలాట అయితే ఘోరంగా పెరుగుతుంది. మీ లిఫ్ట్ గ్రాఫ్ చూడండి, సైన్ వేవ్ గీసినట్టు ఉంటుంది. అసలు సిలిండర్‌లో అది పెరుగుతూ తగ్గుతూ గజిబిజిగా ఉంటుంది.

ఇక ఎల్ఈఎస్ గురించి అడిగారు. 16 కోర్లతో లక్ష రేనాల్డ్స్ ఎల్ఈఎస్ ఆశ వదిలేసుకోండి, కోట్లలో సెల్స్ కావాలి, ఒక్క రన్ అయ్యేసరికి మీ ఉత్సాహం అయిపోతుంది. టర్బులెంట్ బౌండరీ లేయర్ ఉన్న కేసుల్లో ఇది ఇంకా దారుణం. చోయ్, మొయిన్ 2012లో వేసిన అంచనా ప్రకారం రేనాల్డ్స్ పది రెట్లు పెరిగితే, గోడ దాకా పట్టే ఎల్ఈఎస్‌కి గ్రిడ్ పాయింట్లు 70 రెట్లకు పైగా పెరుగుతాయి, ఏ మోడలూ లేకుండా అన్ని సుడులనూ లెక్కించే డీఎన్ఎస్‌కి అయితే 400 రెట్లు దాటుతుంది. ఎల్ఈఎస్ చేయి తిరగాలంటే రేనాల్డ్స్ 3900 కేసు చేయండి. అందరూ దాన్నే ఎందుకు పట్టుకుంటారంటే కొన్ని లక్షల సెల్స్‌తో మొదలుపెట్టొచ్చు, పొడవు వ్యాసానికి 3.14 రెట్లు తీసుకుంటే చాలంటారు, డ్రాగ్ 1 దగ్గర రావాలి. ఒక హెచ్చరిక, అంత తేలికనుకున్న ఆ కేసులో కూడా వేక్‌లో వెనక్కి తిరిగే భాగం పొడవు ఎంతనే దాని మీద ప్రయోగాలే ఒకదానితో ఒకటి కలవలేదు, కాబట్టి డ్రాగ్ సరిపోయింది కదా అని ఆగిపోకండి.

లక్ష దగ్గరే ఉండాలంటే డీడీఈఎస్, అంటే రెండు పద్ధతుల కలయిక. గోడ దగ్గర రాన్స్ (మీ ఎస్ఎస్‌టీ లాంటి మోడల్‌తో సగటు ప్రవాహాన్ని లెక్కించే పద్ధతి), బయట వేక్‌లో ఎల్ఈఎస్. కానీ ఇక్కడ ఒక గుంత ఉంది, నేనూ పడ్డాను కాబట్టి చెబుతున్నా. గోడ దగ్గర రాన్స్ అంటే మళ్లీ ఆ ఎస్ఎస్‌టీనే, మళ్లీ అదే తీగ. 3డీ చేసి, వారం రోజులు మెషీన్ తిప్పి, కళ్లు చెదిరే వేక్ బొమ్మలు తెచ్చుకుని, డ్రాగ్ చూస్తే 0.7. ఆ రోజు మా టీమ్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు నేను.

డీడీఈఎస్‌కి ముందు రూపమైన డీఈఎస్ తొలి రోజుల్లోనే ట్రావిన్, షుర్, స్ట్రెలెట్స్, స్పలార్ట్ కలిసి సిలిండర్ మీద చేసిన పని ఒకటి ఉంది, దాంట్లో దీనికి దారి చూపించారు. ఇన్లెట్ నుంచి ఎడ్డీ విస్కాసిటీ సున్నాగా పంపుతారు, మొదట్లో వేక్‌లో మాత్రం కాస్త విత్తనం వేస్తారు. ముందు భాగం పొరలోకి టర్బులెన్స్ వచ్చే దారి లేక అది లామినార్‌గానే ఉండిపోతుంది. వెనక్కి తిరిగే గాలి తనతో ఎడ్డీ విస్కాసిటీని మోసుకొచ్చి విడిపోయిన చోట అందిస్తూ ఉంటుంది, మోడల్ అక్కడి నుంచి తనంతట తాను బతుకుతుంది. ట్రిప్‌లెస్ అంటారు. అదే పనిలో 1.4 లక్షల రేనాల్డ్స్ దగ్గర ఒకసారి లామినార్ సెపరేషన్, ఇంకోసారి టర్బులెంట్ సెపరేషన్, రెండూ కావాలనే చేసి చూపించారు. రేనాల్డ్స్ అదే, సిలిండర్ అదే, జవాబులు మాత్రం రెండు. స్పలార్ట్-ఆల్మరాస్ మోడల్‌తో ఇది తేలిక, ఎస్ఎస్‌టీతో కాస్త మొండికేస్తుంది.

మెష్‌పురుగు:

ట్రాన్సిషన్ మోడల్ గురించి ఒక్క మాట. అది పెట్టగానే 83 వచ్చిందని దాన్ని మరీ నెత్తిన పెట్టుకోకండి. దాని లోపలున్నది ప్రయోగాల నుంచి కట్టిన కోరిలేషన్స్, సిలిండర్ దగ్గరికి వచ్చే గాలిలో అలజడి ఎంతుందో దాని మీదే అంతా ఆధారపడుతుంది. మీరు ఇన్లెట్ దగ్గర 0.3 పెట్టారు సరే, సిలిండర్ ముందుకు వచ్చేసరికి ఎంత మిగిలింది? కే, ఒమెగా రెండూ దారిలో తరిగిపోతుంటాయి, ఒమెగా ఎక్కువ ఇస్తే ఇంకా త్వరగా. సిలిండర్‌కి ఒక వ్యాసం ముందు ఎంతుందో చూసి, మీరు పోల్చే ప్రయోగంలో ఎంత ఉందో దాంతో కలపండి. అలజడి ఎక్కువున్న టన్నెల్‌లో డ్రాగ్ పడిపోవడం ముందే మొదలవుతుంది, అలాంటి డేటాతో పోలిస్తే మళ్లీ గందరగోళమే.

ఇంకోటి, డొమైన్ వెడల్పు ఎంత? వ్యాసానికి ఆరు రెట్లే పెట్టి స్లిప్ గోడలు పెడితే గాలి పక్కల నొక్కుకుపోయి వేగం పెరుగుతుంది, డ్రాగ్ ఆ వంకతో కూడా పెరుగుతుంది.

ఈదురుగాలి:

వెడల్పు 20 రెట్లు, అది పర్లేదనుకుంటా. సిలిండర్ ముందు అలజడి 0.3 నుంచి 0.08కి పడిపోయి ఉంది, ఈ సంగతి మీరు చెప్పకపోతే ఎప్పటికీ చూసేవాణ్ని కాదు. 3డీ ట్రిప్‌లెస్ రన్ రాత్రికి మొదలుపెడతా, పొడవు వ్యాసానికి 3 రెట్లు, 40 లక్షల సెల్స్, మెషీన్ తట్టుకుంటుందో లేదో.

నా అసలు కేసు గుబ్బ అన్నాను కదా. అక్కడ కూడా ఇదే తీగ గొడవ ఉంటుందా?

పాతకాపు:

ఉండదు, అక్కడ గొడవ తిరగబడుతుంది. గుబ్బ ముందు చాలా దూరం చదునైన గోడ ఉంటుంది, బౌండరీ లేయర్ అప్పటికే మందంగా టర్బులెంట్‌గా వస్తుంది, కాబట్టి ముందు నుంచీ టర్బులెంట్ అనుకునే మోడల్‌కి అది సొంత ఇల్లు. ఎక్కడ విడిపోతుందో బాగానే చెబుతుంది. తప్పేది ఆ తర్వాత, మళ్లీ ఎక్కడ అతుక్కుంటుందో అక్కడ.

నాసా వాళ్ల గుబ్బ కేసు తీసుకోండి, దీనికి అంతకంటే మంచి కొలతలున్న కేసు నేను చూడలేదు. గుబ్బ పొడవు మీద రేనాల్డ్స్ 9.36 లక్షలు, గాలి వేగం మాక్ 0.1. ప్రయోగంలో పొడవులో 0.665 దగ్గర విడిపోయి 1.1 దగ్గర మళ్లీ అతుక్కుంటుంది. స్టెడీ రాన్స్‌తో ఎస్ఎస్‌టీ అయినా స్పలార్ట్-ఆల్మరాస్ అయినా విడిపోయే చోటు దాదాపు సరిగ్గానే వస్తుంది, అతుక్కునే చోటు మాత్రం 1.25 ఆ దరిదాపుల్లోకి సాగిపోతుంది. విడిపోయిన పొరలో టర్బులెంట్ షియర్ స్ట్రెస్‌ని ఈ మోడల్స్ తక్కువ అంచనా వేస్తాయి. కలిపే బలం తక్కువైతే బయటి గాలి కిందికి దిగడానికి ఎక్కువ దూరం పడుతుంది, బుడగ (విడిపోయే చోటుకీ అతుక్కునే చోటుకీ మధ్య భాగం) పొడవవుతుంది. మెష్ పెంచితే ఇది కూడా పోదు.

వాల్ ఫంక్షన్స్ జోలికి పోకండి. అవి గోడ దగ్గర వేగం లాగరిథమ్ నియమం (లాగ్ లా) ప్రకారం మారుతుందనుకుని రాసినవి, విడిపోయే బిందువు దగ్గర గోడ షియర్ (గోడ మీద గాలి రాపిడి) సున్నా, ఇక ఆ లెక్క దేని మీద నిలబడుతుంది. మామూలు కే-ఎప్సిలాన్ కూడా వద్దు, ఎదురు పీడనంలో అది పొరను మొండిగా అంటిపెట్టుకుని ఉంచుతుంది, ఒక్కోసారి విడిపోవాల్సిన చోట అసలు విడిపోనే పోదు. వంపు ప్రభావం ఇంకోటి ఉంది, గుబ్బ నెత్తి మీద కుంభాకార వంపు టర్బులెన్స్‌ని అణుస్తుంది, మొదట్లోనూ చివర్లోనూ ఉండే పుటాకార వంపు రెచ్చగొడుతుంది. మామూలు రెండు ఈక్వేషన్ల మోడల్స్‌కి ఇది పట్టదు. దీనికి కర్వేచర్ కరెక్షన్ అని విడిగా ఉంటుంది, వాడి చూడండి, కానీ బుడగ పొడవు సమస్య దానితో తీరుతుందని ఆశపెట్టుకోకండి.

రాత్రిరన్:

గుబ్బకి డీడీఈఎస్ వేద్దామనుకుంటే ఒక చిక్కు ముందే చెబుతా. రాన్స్ పొర గోడను వదిలిన వెంటనే ఎల్ఈఎస్ భాగంలోకి వస్తుంది, కానీ అందులో నిజమైన సుడులు ఇంకా పుట్టలేదు, మోడల్ ఇచ్చే స్ట్రెస్ అప్పటికే తగ్గిపోయింది. ఆ మధ్య ఖాళీలో కలిపేవాళ్లు ఎవరూ లేక బుడగ ఇంకా సాగుతుంది. సిలిండర్ వెనక పెద్ద సుడులు తమంతట తామే పుడతాయి కాబట్టి ఇది అంతగా కనపడదు, నున్నటి గుబ్బ మీద బాగా కనపడుతుంది. ఎగువన కృత్రిమంగా టర్బులెన్స్ చల్లే ఇన్లెట్‌తో వాల్ మోడల్డ్ ఎల్ఈఎస్ (గోడ పక్క పలచటి పొరను మోడల్‌కి వదిలేసే ఎల్ఈఎస్) చేస్తే మేలు, కానీ 16 కోర్లతో ఓపిక కావాలి.

ఈదురుగాలి:

సరే, ముందు గుబ్బ మీద స్టెడీ రాన్స్ వేసి, గోడ షియర్ గుర్తు మారే రెండు చోట్లూ రాసుకుంటా. 1.1 రాకపోతే కంగారు పడను.

పాతకాపు:

1.25 వస్తే మీ సెటప్ బాగున్నట్టే, ముందుకు వెళ్లండి. మామూలు ఎస్ఎస్‌టీతో మొదటి రన్‌లోనే సరిగ్గా 1.1 వస్తే మాత్రం స్కీమ్స్ ఫైల్ తెరిచి ఆ ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ ఇంకా అక్కడే కూర్చుని ఉందేమో చూసి ఇక్కడ పెట్టండి.